టపా మనిషి పరుగెత్తిన దారులు



పోయిన నెల మా అక్క కూతురు ఇంగ్లండు నుంచి ఫోనులో కొన్ని ఫొటోలు పంపింది. పెళ్ళి చేసుకుని అక్కడికి వెళ్ళి మూడేళ్ళయింది. రోజూ తెల్లవారకముందే లేచి, ఊరి వెనక పొలాల మీదుగా నాలుగైదు మైళ్ళు పరుగెత్తి వస్తుందట. ఫొటోలో ఒక పక్క గొర్రెలు మేస్తున్నాయి. ఇంకో పక్క పాత చర్చి, వాగు మీద చిన్న రాతి వంతెన, మధ్యన సన్నని కాలిబాట. మనిషి అలికిడే లేదు. "చిన్నమ్మా, ఇక్కడ పొలం ఎవరిదైనా, బాట మాత్రం అందరిదీనంట. 1949లో చట్టం చేసి, ఇట్లాంటి బాటలన్నీ పటాల్లో ఎక్కించినారంట. మన కడప పక్క ఇట్లాంటివి ఉండేవా?" అని అడిగింది.

నాకు ముందు నవ్వొచ్చింది. మన పల్లెల్లో ఆడమనిషి పొద్దున్నే పొలాల వెంట పరుగెత్తితే ఊరు ఊరంతా ఎదురొచ్చి, "ఏమైందమ్మా, ఎవరికన్నా బాగలేదా?" అని అడుగుతుంది! పరుగంటే మనకు ఆపదే గుర్తొస్తుంది గాని ఆరోగ్యం గుర్తుకు రాదు. కానీ ఆ పిల్ల ప్రశ్న మనసులోంచి పోలేదు. ఆలోచించగా ఆలోచించగా తట్టింది. మన పక్కా పరుగు దారులుండేవి. వందేళ్ళకు పైగా కడప, కర్నూలు పల్లెల మీదుగా రాత్రీ పగలూ మనుషులు పరుగెత్తుతూనే ఉన్నారు. వాళ్ళది పొట్టకూటి కోసం పరుగు. వాళ్ళ భుజాన ఉన్నది మన అమ్మమ్మల, అవ్వల మంచీ చెడూ. వాళ్ళే టపా మనుషులు. ఈ రోజు వాళ్ళను గురించి నాలుగు మాటలు చెప్పుకుందాం.

'అంచెలంచెలుగా పైకి వచ్చాడు' అని మనం రోజూ అంటూ ఉంటాం. ఆ అంచె అనే మాట ఈ పరుగుకు సంబంధించిందే. ఒక మనిషి కొంత దూరం పరుగెత్తి, అక్కడ కాచుకుని ఉన్న రెండో మనిషికి మూట అందిస్తాడు. అతను ఇంకొంత దూరం పోయి మూడో మనిషికి అందిస్తాడు. ఆ మజిలీ పేరే అంచె. మన పక్కనే ఉన్న మైసూరు రాజ్యంలో టపాకు పేరే అంచె. ఇప్పటికీ కన్నడంవారు పోస్టాఫీసును 'అంచె కచేరి' అంటారు.

ఈ పద్ధతి తెల్లవాళ్ళు తెచ్చింది కాదు. 14వ శతాబ్దంలో ఢిల్లీ సుల్తానుల కాలంలో మన దేశానికి వచ్చిన ఇబ్న్ బతూతా అనే మొరాకో యాత్రికుడు దీన్ని చూసి ఆశ్చర్యపోయాడు. మైలుకు మూడు చోట్ల మనుషులను నిలబెట్టేవారనీ, ఒక్కొక్కరి చేతిలో గంటలు కట్టిన కర్ర ఉండేదనీ, గుర్రాల టపా కంటే ఈ కాలి టపాయే త్వరగా చేరేదనీ రాశాడు. గుర్రం కంటే మనిషి ముందు పోవడమేమిటి అంటారా? గుర్రానికి గడ్డి కావాలి, నీళ్ళు కావాలి, దారి కావాలి. మనిషి ఆకలి దిగమింగి ముళ్ళల్లోనైనా పోతాడు.

ఇక మన ప్రాంతం సంగతి. 1800 సంవత్సరంలో నిజాము నవాబు కడప, బళ్ళారి, అనంతపురం ప్రాంతాలను ఈస్టిండియా కంపెనీకి ధారపోశాడు. అందుకే దత్తమండలాలు అన్నారు. 1839లో కర్నూలు నవాబు గులాం రసూల్ ఖాన్‌ను గద్దె దించి ఆ సీమనూ కంపెనీ కలుపుకుంది. మద్రాసులో పెద్ద తపాలా కచేరి 1786లోనే మొదలైంది. ఇంత దూరాన ఉన్న మండలాలను మద్రాసులో కూర్చుని ఏలాలంటే కాగితాలు పోవాలి, రావాలి. రైలు లేదు, తంతి లేదు. ఉన్నదల్లా మనిషి కాళ్ళు!

ఆ మనిషి ఎట్లా ఉండేవాడో ఊహించుకోండి. మోకాళ్ళ పైకి బిగించిన పంచె, తలపాగా, భుజాన ఒక బల్లెం. బల్లెం కొనకు గజ్జెలు, వెనక వేలాడే తోలు సంచి. ఆ గజ్జెలు అందానికి కట్టినవి కావు. చప్పుడు వింటే పాము పక్కకు తప్పుకుంటుంది, చిన్నాచితకా జంతువు పారిపోతుంది. ముందున్న అంచెలో కునుకు తీస్తున్న మనిషి లేచి నడుం బిగిస్తాడు. ఒక్కొక్క అంచె ఆరు నుంచి ఎనిమిది మైళ్ళు. గంటకు నాలుగైదు మైళ్ళ పరుగు. రాత్రి పూట అడవి దారుల్లో దివిటీ పట్టేవాడొకడు తోడు వచ్చేవాడు. పులి భయం ఎక్కువగా ఉన్న చోట తప్పెట కొట్టేవాడొకడు అదనం.

కడప నుంచి మద్రాసుకు సుమారు 160 మైళ్ళు. మీరే లెక్క వేసి చూడండి. ఏడెనిమిది మైళ్ళకు ఒక మనిషి చొప్పున, ఒక ఉత్తరం ఇరవైమంది చేతులు మారితే గాని మద్రాసు చేరదు. రాత్రీ పగలూ ఆగకుండా పరుగెత్తినా దాదాపు రెండు రోజులు. అదీ ఏరు పొంగకపోతే!

మన నేలా సామాన్యమైంది కాదు. కోయిలకుంట్ల, నంద్యాల పక్క నల్లరేగడి. ఎండాకాలం నెర్రెలిచ్చి పాదం ఇరుక్కుంటుంది, వాన పడితే బంక మాదిరి కాలిని పట్టుకుని వదలదు. కడప పక్క నాపరాళ్ళు, ఎండకు పెనం మాదిరి కాలుతాయి. రాయచోటి పోవాలంటే గువ్వలచెరువు కనుమ ఎక్కి దిగాలి. ఇప్పుడు మనం ఆ కనుమలో బస్సు ఆపి పాలకోవా కొనుక్కుంటాం. అప్పుడు అక్కడ ఆగడానికి ధైర్యం కావాలి. నంద్యాల నుంచి గిద్దలూరు పక్కకు పోవాలంటే నల్లమలలో నందికనుమ దాటాలి. ఆత్మకూరు నుంచి దోర్నాల పక్కకైతే మంత్రాలకనుమ. ఈ రోజు ఆ అడవి పులుల అభయారణ్యం. ఆ రోజుల్లోనూ అది పులుల రాజ్యమే, అభయం మాత్రం మనిషికి లేదు. కుందూ, పెన్నా, పాపాఘ్ని, చెయ్యేరు ఏడాదిలో ఎక్కువ రోజులు ఇసుకే. ఒక్క రాత్రి పైన వాన పడిందంటే గట్టు మీద కూర్చుని నీళ్ళు తగ్గేదాకా కాచుకోవలసిందే. తుంగభద్ర, కృష్ణ దాటాలంటే తోలు పుట్టి ఎక్కాలి.

1830లో ఏనుగుల వీరాస్వామయ్యగారు మద్రాసు నుంచి కాశీకి బయలుదేరి మన సీమ మీదుగానే పోయారు. ఒంటిమిట్ట, కడప, అహోబిలం, మహానంది, శ్రీశైలం చూసుకుని హైదరాబాదు దారి పట్టారు. పల్లకీ, బోయీలు, పరివారం, అంతా కలిపి వందమంది దాకా. ఏ ఊళ్ళో ఏం దొరుకుతుంది, ఏ దారిలో నీళ్ళుంటాయి, ఎక్కడ అడవి దట్టం అని ఓపిగ్గా రాసుకుంటూ పోయారు. ఆ రాతలను ఆయన మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్ళె చేర్చి కూర్చగా, 1838లో కాశీయాత్రా చరిత్రగా అచ్చయింది. వందమందితో పోయిన పెద్దమనిషికే ఆ దారి అంత భయమైతే, ఒంటరిగా రోజు విడిచి రోజు అవే అడవుల అంచున పరుగెత్తినవాడి మాటేమిటి? అతను పుస్తకం రాయలేదు. చాలామందికి అక్షరమే రాదు. లోకంలోని అక్షరాలన్నీ భుజాన మోసి, ఒక్కటీ చదవలేని మనిషి!

ఇక్కడ మన కడపకు సంబంధించిన ఒక ముచ్చట చెప్పాలి. బ్రౌను దొర పేరు తెలియని తెలుగువారుండరు. 1820లో ఉద్యోగం మీద కడపకు వచ్చి, వేమన పద్యాలను వెతికి వెతికి కూర్చి 1829లో అచ్చు వేయించాడు. కడపలో బంగళా కొని, సొంత డబ్బుతో పండితులను పెట్టి, తాళపత్రాలకు శుద్ధప్రతులు రాయించాడు. ఆ బంగళా ఉన్న చోటనే ఇప్పుడు ఆయన పేరున గ్రంథాలయం ఉంది. ఇంతవరకు అందరికీ తెలిసిందే. చాలామంది ఎరగనిది ఏమిటంటే, ఇదే బ్రౌను 1846లో మద్రాసు రాజధానికంతటికీ పోస్టుమాస్టరు జనరల్ అయ్యాడు! నిఘంటువు కోసం ఒక్కొక్క మాట ఏరుకునే మనిషి బల్ల మీదికే టపా మనుషుల సంగతులూ వచ్చేవన్నమాట.

అదే 1846 జూలైలో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి కోయిలకుంట్ల ఖజానా మీద పడ్డాడు. కోయిలకుంట్ల అప్పటికి కడప జిల్లాలోనే ఉండేది. 1858లో కర్నూలు జిల్లా ఏర్పడినప్పుడు అందులో కలిసింది. కడప కలెక్టరు కాక్రేన్ మద్రాసుకు కబురు పంపాలన్నా, మద్రాసు నుంచి హుకుం రావాలన్నా ఆ అంచె దారే గతి. తంతి తీగలు ఇంకా రాలేదు. రెడ్డిని పట్టుకోవడానికి రాసిన కాగితాలను మోసినవాడూ బహుశా ఆ పక్క పల్లెవాడే అయ్యుంటాడు. సంచిలో ఏముందో అతనికి తెలియదు. దారి పొడుగునా పల్లెల్లో రెడ్డి పేరు చెప్పుకుంటుంటే విని ఉంటాడు, విని పరుగెత్తి ఉంటాడు. 1847 ఫిబ్రవరిలో రెడ్డిని ఉరి తీశారు. ఆ మాటా ఏదో ఒక సంచిలోనే మద్రాసు చేరి ఉంటుంది.

మొదట్లో ఈ టపా అంతా దొరలకూ, సర్కారుకూ, షాహుకార్లకే. దూరాన్ని బట్టి కూలి కట్టాలి గనక బీదవాడు ఉత్తరం జోలికి పోయేవాడు కాదు. ఇంగ్లండులో 1840లో ఎంత దూరమైనా ఒకటే రేటు అనే పద్ధతి వచ్చింది. మన దేశంలో 1854 అక్టోబరు నుంచి అట్లాగే చేశారు. పావు తులం బరువు లోపలి ఉత్తరం దేశంలో ఏ మూలకైనా అర్ధణా. 1879లో కార్డు వచ్చింది, వెల కాణీ. 1880 నుంచి పోస్టాఫీసుల్లో మనియార్డరు. ఈ మూడింటితో టపా సంచి దొరల బంగళా నుంచి మన వంటింటి గడప దాకా వచ్చింది.

మధ్యలో ధాత కరువు వచ్చిపడింది. 1876 నుంచి 78 దాకా మన కడప, కర్నూలు, బళ్ళారి సీమలు మాడిపోయాయి. బ్రిటిషు ఏలుబడిలోని ప్రాంతాల్లోనే 50 లక్షలమందికి పైగా పోయారని అంచనా. బతికి ఉన్నవాళ్ళకు కరువు పనులు పెట్టారు. రోడ్లు, చెరువులు, కాలవలు. ఆడవాళ్ళు చంకన బిడ్డతో మట్టి మోశారు, కంకర కొట్టారు. 1877లో సర్ రిచర్డ్ టెంపుల్ వచ్చి కూలి తగ్గించాడు. మగవాడికి రోజుకు ఒక పౌను గింజల వెల, పైన ఒక అణా. ఆడవాళ్ళకు అంతకంటే తక్కువ. ఈ తిండితో మనిషి బతకడని మద్రాసు శానిటరీ కమిషనరు డాక్టరు కార్నిష్ గట్టిగా వాదించాడు. నేనెందుకు ఈ సంగతి ఎత్తుకున్నానంటే, పల్లె పల్లెకూ రోడ్డు పడితేనే బండి వస్తుంది, బండి వస్తే పరుగెత్తేవాడి కాళ్ళకు విశ్రాంతి. మద్రాసు నుంచి కడప మీదుగా వేసిన రైలు 1871లో రాయచూరు దగ్గర బొంబాయి రైలుతో కలిసింది. పెద్ద టపా అంతా రైలెక్కింది. ఆ తరవాత ఒక్కొక్క రోడ్డూ పడేకొద్దీ అంచెలు తగ్గుతూ వచ్చాయి. ఆ రోడ్లకు కంకర కొట్టిన చేతుల్లో సగం ఆడవాళ్ళ చేతులే కదా! ఆ చేతుల పేర్లూ ఎక్కడా లేవు, ఆ కాళ్ళ పేర్లూ ఎక్కడా లేవు.

అయినా రోడ్డు లేని పల్లెలకు సంచి మనిషి చాలా కాలం నడుస్తూనే ఉన్నాడు. మా అవ్వ చూసింది అటువంటి మనిషినే.

మా అవ్వ పుట్టిల్లు పోరుమామిళ్ళ పక్క. మెట్టినిల్లు కోయిలకుంట్ల దగ్గర ఒక పల్లె. పన్నెండో ఏట కాపురానికి వచ్చింది. వారానికి రెండు మార్లు టపా వచ్చేదట. మా పల్లెలో సంచి మోసేవాడే జాబులూ పంచేవాడు. చదువు రాదు. పోస్టుమాస్టరు చెప్పిన పేర్లు వరసగా గుర్తు పెట్టుకుని, ఒక్కటీ పొరపాటు పడకుండా ఇచ్చేవాడట. గజ్జెల చప్పుడు వినపడితే చాలు, రోటి కాడ ఉన్న కోడళ్ళందరి చేతులూ ఆగిపోయేవట. ఎవరి పుట్టింటి నుంచి వచ్చిందో! నాలుగు మూలలా పసుపుంటే సంతోషం. మూల చించి ఉంటే గుండె దడ.

కోడలి జాబు కోడలి చేతికి వచ్చేది కాదు. మామ చేతికి పోయేది. ఆయన రచ్చకట్ట మీద బడిపంతులు చేత చదివించుకుని, చెప్పదగిందైతే ఇంటికి వచ్చి చెప్పేవాడు. "మీ అమ్మోళ్ళు బాగుండారంట" అంతే. నాలుగు పేజీల జాబైనా కోడలికి అందేది ఆ ఒక్క ముక్కే.

ఒక ఏడు జొన్న కోతల సమయంలో వాళ్ళమ్మకు జబ్బు చేసిందని జాబు వచ్చింది. కోతలు అయ్యేదాకా చెప్పొద్దనుకున్నారు ఇంట్లో. చెడు తలపు కాదు, పంట చేతికి రావాలి, ఇంట్లో చేతులు తక్కువ. పది రోజులు గడిచాయి. మళ్ళీ టపా వచ్చిన రోజు అవ్వ బావి కాడ నీళ్ళు తోడుతుంటే ఆ సంచి మనిషి దప్పిక అని ఆగాడు. చెంబుతో నీళ్ళు పోస్తుంటే, "ఏమ్మా, నీ పేరు మీద మొన్న జాబిస్తి గదా, మీ అమ్మకు బాగైందా?" అన్నాడట. పోస్టుమాస్టరు నోట విన్న మాట పాపం, మంచికే అడిగాడు. అవ్వ చెంబు అక్కడే వదిలి పుట్టింటికి బయలుదేరింది. ఆ రాత్రే బండి కట్టారు. పోయేటప్పటికి అంతా అయిపోయింది.

అవ్వ ఈ సంగతి చెప్పేటప్పుడు ఏడ్చేది కాదు. "వాడు పదారు మైళ్ళు పరుగెత్తి తెచ్చి ఇచ్చినాడు. గడప కాడి నుంచి నా కాడికి రావడానికే ఆ జాబుకు దోవ లేకపాయె" అనేది. ఎవరినీ తిట్టేది కాదు. కానీ ఆ ఏడే పెద్ద కొడుకు, అంటే మా నాయన, బడిలో అక్షరాలు దిద్దుతుంటే దీపం ముందర పక్కన కూర్చుని తనూ దిద్దింది. వాడు పలక మీద రాస్తే ఈమె పొయ్యి బూడిదలో రాసేది. రెండేళ్ళకు కూడబలుక్కుని చదవగలిగింది. మొట్టమొదట రాసిన కార్డు వాళ్ళ చెల్లెలికి. అందులో ఏం రాశావవ్వా అంటే, "ఇకమీదట జాబు నాకే రాయి, నేనే చదువుకుంటా అని రాసినా" అని చెప్పింది.

చూశారా! అంచె అంచె దాటుకుంటూ, పాములూ పులులూ ఏర్లూ దాటుకుంటూ వచ్చిన సంచికి ఆఖరి అంచె మన ఇంటి గడప. ఆ అంచె దాటించడానికి బల్లెం పనికిరాలేదు, ఆడదానికి అక్షరం వస్తే గాని ఆ అంచె దాటలేదు.

ఇప్పుడు తంతి కూడా లేదు, 2013 జూలైలో మూసేశారు. ఉత్తరాలు తగ్గిపోయాయి. మన చేతిలో ఫోనుంది, ఇంగ్లండు నుంచి కబురు రెప్పపాటులో వస్తుంది. అయినా ఇంట్లో ఉన్న పెద్దామెకు ఆ ఫోను ఎవరు తీసి చూపించాలి, ఎవరు చదివి వినిపించాలి అన్నది ఇప్పటికీ ఉంది కదా? మన ఇంట్లోనే అత్తగారికో, పని చేసే అమ్మాయికో తన కబురు తాను చదువుకోవడం వచ్చా అని ఒక్క మారు ఆలోచించండి. రాకపోతే ఆ ఆఖరి అంచె ఇంకా మిగిలి ఉన్నట్టే. మధ్యాహ్నం పూట ఒక అరగంట చాలు.

మా అక్క కూతురికి ఇదంతా చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తరవాత, "చిన్నమ్మా, ఈసారి వచ్చినప్పుడు ఆ కోయిలకుంట్ల దారి చూపిస్తావా, ఒక నాలుగు మైళ్ళు పరుగెత్తుతా" అంది. సగం దారి తారు రోడ్డయింది, సగం ఎవరి చేలో కలిసిందో తెలియదు. అక్కడి మాదిరి మనకు పటాల్లో ఎక్కించిన చట్టమూ లేదు. బావి మాత్రం ఉంది. అవ్వ నీళ్ళు పోసిన చోటు చూపిస్తానని చెప్పాను. ఊళ్ళోవాళ్ళు, "ఏమైందమ్మా, ఎవరికన్నా బాగలేదా?" అని అడిగితే, అందరూ బాగున్నారని నేనే చెప్పుకుంటాలే అన్నాను.